మొరిషితా నుంచి కినోసకి దాకా: దేశాలు కలిసే నేల మీద తొమ్మిది రోజులు

జపాన్ సమకాలీన నాట్యాన్ని చూడటానికి జపాన్ దాకా వెళ్లక్కర్లేదు. సాంకై జుకు బృందం 1982 నుంచీ తన కొత్త రచనల్ని పారిస్‌లోని థియాత్ర్ ద లా విల్‌తో కలిసి నిర్మిస్తూ వచ్చింది. కాబట్టి పారిస్‌లో కూర్చున్నా చూడొచ్చు. కానీ ఒక జపాన్ డాన్సరూ, ఒక ఇండోనేషియా డాన్సరూ, ఒక మణిపూర్ వాద్యకారుడూ ఒకే గదిలో వారాల తరబడి ఎలా పనిచేస్తారు, ఎక్కడ తడబడతారు, ఎలా సర్దుకుంటారు అన్నది తెలియాలంటే మాత్రం ఆ గదుల దాకా వెళ్లాలి. ఆ గదులు టోక్యో, యొకోహామా, క్యోటో, కోబె, చివరికి జపాన్ సముద్రం పక్కన కినోసకి అనే వేడినీటి ఊరి దాకా పరుచుకుని ఉన్నాయి. ఈ దారి డిసెంబరుకి వేసుకున్నది. యొకోహామాలో ప్రదర్శన కళల సమావేశం జరిగే నెల అదే.

బయల్దేరే ముందు వీసా సంగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లు చెన్నైలోని జపాన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. కాగితాలు హైదరాబాద్‌లోని వీసా కేంద్రంలోనే ఇవ్వొచ్చు. చూసి వచ్చేవాళ్లకు పర్యాటక వీసా చాలు. డబ్బు తీసుకుని ఆడేవాళ్లకు అది పనికిరాదు. వాళ్లను పిలిచిన జపాన్ సంస్థ అక్కడి ఇమిగ్రేషన్ కార్యాలయం నుంచి అర్హతా పత్రం తెప్పించి పంపాలి, దాని మీద ప్రదర్శకులకిచ్చే వీసా తీసుకోవాలి. ఆ పత్రం రావడానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఉమ్మడి ప్రయత్నాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. మొదట ‘ఊరికే రిహార్సల్’ అనుకుంటారు, టికెట్లు కొంటారు, తర్వాత ప్రదర్శన, పారితోషికం మాట వస్తుంది. అప్పటికి వీసా కోవ మార్చుకునే సమయం ఉండదు. ఇంకో లెక్క కూడా ముందే తెలిసి ఉండాలి. జపాన్‌లో నివాసం లేని కళాకారుడికిచ్చే పారితోషికంలో 20.42 శాతం పన్ను మూలంలోనే కోస్తారు. లక్ష యెన్‌కి ఒప్పుకుంటే చేతికొచ్చేది 79,580. రాయితీ ఏదైనా వర్తిస్తుందేమో చూసుకుని, ఒప్పందంలో ‘పన్ను పోగా ఇంత’ అని రాయించుకోవడం మేలు.

మొదటి రోజు: టోక్యో, మొరిషితా

సుమిదా నదికి తూర్పు ఒడ్డున మొరిషితా. టొయే షింజుకు, ఓఎదో లైన్లు రెండూ ఇక్కడ కలుస్తాయి. హైకూ కవి బషో కాపురమున్న పేట ఇది. 1689లో ఉత్తరాదికి తన సుదీర్ఘ పాదయాత్రకు బయల్దేరింది కూడా ఈ చుట్టుపక్కల నుంచే. ఈ సందుల్లోనే సైసాన్ ఫౌండేషన్ వారి మొరిషితా స్టూడియో ఉంది. ఫౌండేషన్ 1987లో పుట్టింది, స్టూడియో 1994లో తెరిచారు. రిహార్సల్ గదులతోపాటు విదేశీ కళాకారులు ఉండటానికి గదులు కూడా కట్టారు.

ఇది పర్యాటకులు తొంగిచూసే చోటు కాదు. పని మధ్యలో చూపించే ప్రదర్శన ఉన్న రోజు చూసుకుని, ముందుగా పేరు నమోదు చేసుకుని వెళ్లాలి. గుమ్మం దగ్గరే మొదటి పాఠం. వీధి చెప్పుల్తో ‘దొసొకు’ నిషేధం, అంటే బయటి మట్టి లోపలికి రాకూడదు. బూట్లు వేసుకుని నాట్యం చేసే వాళ్లయినా లోపలికి వేరే జత తెచ్చుకోవాల్సిందే. తెలుగు వాళ్లకు గుమ్మం దగ్గర చెప్పులు విడవడం కొత్త కాదు కాబట్టి ఈ ఒక్క విషయంలో యూరప్ వాళ్ల కన్నా మనకు సుఖం.

ఇలాంటి ప్రత్యేక స్టూడియోల విలువ తెలియాలంటే మామూలు జపాన్ డాన్సర్ ఎక్కడ సాధన చేస్తాడో తెలియాలి. వార్డు కార్యాలయాల కింద ఉండే సామూహిక భవనాల్లో గది అద్దెకు తీసుకుంటాడు. అక్కడ రోజును మూడు ముక్కలుగా కోస్తారు: ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు, మధ్యాహ్నం ఒకటి నుంచి అయిదు, సాయంత్రం ఆరు నుంచి పది. ముక్క అయ్యేసరికి నేల తుడిచి, అతికించిన టేపు ఊడదీసి, తాళం అప్పగించాలి. నిన్న నేల మీద గీసిన గుర్తు ఇవాళ ఉండదు. సామాను వదిలి వెళ్లే వీలు లేదు. ఇద్దరు దేశస్థులు కలిసి చేసే పనికి ఇది గొడ్డలిపెట్టు. ఎందుకంటే అనువాదంతో పనిచేసే బృందానికి తొలి గంట ఒకరి మాట ఒకరికి అందడానికే సరిపోతుంది, వేడెక్కే వేళకి తాళం వేసే వేళ అవుతుంది. ఒకే గది, అవే గుర్తులు, వరసగా పది రోజులు దొరకడమే ఈ రంగంలో అసలైన సాయం. ఈ దారి పొడుగునా కనిపించే సంస్థలన్నీ ఏదో ఒక రూపంలో ఇచ్చేది అదే.

రెండో రోజు: యొకోహామా రేవు

మినాతొ మిరాయ్ లైన్‌లో బషామిచి స్టేషన్‌లో దిగాలి. స్టేషన్ పక్కనే 2020లో తెరిచిన డాన్స్ బేస్ యొకోహామా. అక్కణ్నుంచి సముద్రం వైపు నడిస్తే ఎర్ర ఇటుక గోదాములు కనిపిస్తాయి. రెండో గోదాము 1911లో, ఒకటో గోదాము 1913లో పూర్తయ్యాయి. 1923 కాంతో భూకంపంలో ఒకటో గోదాము సగం దెబ్బతింది, అందుకే ఇప్పుడు దాని పొడవు రెండోదానికన్నా తక్కువ. 2002లో ఒకటో గోదాము కళా కేంద్రమైంది. మూడో అంతస్తులో హాలు ఉంది.

ఈ హాలుతో ముడిపడినదే యొకోహామా డాన్స్ కలెక్షన్. 1996లో ఇది మొదలైంది ఫ్రాన్స్ కోసమే అనొచ్చు. పారిస్ శివారు బన్యోలే పేరు మీద నడిచిన అంతర్జాతీయ కొరియోగ్రఫీ పోటీకి జపాన్ ప్రాంతీయ వేదికగా ఇది పుట్టింది. అదే బన్యోలేలో 1986లో జపాన్ కొరియోగ్రాఫర్ తెషిగవారా సబురో బహుమతి గెలిచి యూరప్ తలుపు తెరుచుకున్నాడు. ఇప్పటికీ యొకోహామా పోటీలో ఫ్రెంచి రాయబార కార్యాలయం ఇచ్చే బహుమతి యువ కొరియోగ్రాఫర్లకు పెద్ద మెట్టు. గెలిచిన వాళ్లు ఫ్రాన్స్‌లో కొన్నాళ్లు ఉండి పనిచేస్తారు. కప్పు, చెక్కు కన్నా ఇది మెరుగైన బహుమానం. కప్పు అలమారలో ఉండిపోతుంది, పరిచయమైన స్టూడియో మళ్లీ పిలుస్తుంది.

డిసెంబరులో జరిగే సమావేశం పేరు వైపామ్. 1995లో టోక్యోలో ‘మార్కెట్’గా మొదలై, 2011లో యొకోహామాకి మారి, 2021లో పేరులోని టోక్యోని యొకోహామాగా మార్చుకుంది. పాసు కొన్న వృత్తిదారులకు పరిచయ సమావేశాలు, చర్చలు ఉంటాయి. ఎవరైనా నమోదు చేసుకుని ఆడుకునే ఫ్రింజ్ విభాగం వేరు. చూసే వాళ్లకు ఫ్రింజ్‌లోనే ఎక్కువ దొరుకుతుంది. చిన్న చిన్న గదుల్లో, ఇంకా గట్టిపడని పని కనిపిస్తుంది.

కలిసి పనిచేసే తోడు కోసం వెళ్లే వాళ్లు ఒకే ఒక్క పేజీ కాగితం తీసుకెళ్లాలి. ఆశయాల గురించి రెండు వాక్యాలు చాలు. మిగతాదంతా లెక్క: నిడివి ఎన్ని నిమిషాలు, ప్రయాణించే వాళ్లు ఎంతమంది, అందులో డాన్సర్లు ఎందరు, సాంకేతికులు ఎందరు, స్టేజీ కనీసం ఎంత వెడల్పు, ఎంత లోతు, ఎంత ఎత్తు, నేల లినోనా (పరిచే వినైల్ షీటు) చెక్కా, ప్రదర్శనకు ముందు హాలు ఎన్ని రోజులు కావాలి, సామాను ఎన్ని కిలోలు. ‘ఎక్కడైనా ఆడగలం’ అని రాస్తే నిర్వాహకుడికి ఏమీ తెలియదు. ‘8 మీటర్లు × 8 మీటర్లు, ఎత్తు 5, మనుషులు ఆరుగురు, ఒక రోజు ఏర్పాటు’ అని రాస్తే అక్కడికక్కడే ఖర్చు కట్టేస్తాడు. ఇంకో మాట. ఉమ్మడి నిర్మాణం వేరు, ఉమ్మడి సృజన వేరు. మొదటిది ఎవరు ఎంత డబ్బు పెడతారన్నది, రెండోది ఎవరు ఎవరి ఒంటిలోంచి ఏం నేర్చుకుంటారన్నది. ఒకే సమావేశంలో ఒకరు మొదటిదీ మరొకరు రెండోదీ మాట్లాడుతూ ఒప్పుకున్నట్టు తలలూపుకోవడం తరచూ జరుగుతుంది. ఆరు నెలల తర్వాత బడ్జెట్ కాగితం మీద ఆ తేడా బయటపడుతుంది.

మూడో రోజు: కమిహొషికావా

యొకోహామా స్టేషన్ నుంచి సొతెత్సు లైన్‌లో కమిహొషికావా. కొండవాలు ఇళ్ల మధ్య బుతో నర్తకుడు ఓనో కజువో సాధన చేసి, నేర్పిన స్టూడియో. 1906లో పుట్టి 2010 దాకా బతికిన మనిషి. విదేశాల నుంచి వచ్చిన ఎందరో డాన్సర్లు ఈ చెక్క నేల మీద నిలబడ్డారు. తర్వాత ఆయన కొడుకు యొషితో 2020లో కన్నుమూసేదాకా నేర్పాడు.

ఓనో పేరుతో ముడిపడిన బుతో అనే నాట్యరీతి కల్తీలేని జపాన్ మట్టి నుంచి పుట్టిందని చాలామంది రాస్తారు. 1959లో హిజికతా తత్సుమి తొలి ప్రదర్శనతో మొదలైన ఆ నాట్యానికి జపాన్ దేహమే ఆధారం, నిజమే. కానీ ఓనో గురువుల్లో ఒకరైన ఎగుచి తకయా 1930లలో డ్రెస్డెన్ వెళ్లి జర్మన్ నర్తకి మేరీ విగ్మన్ దగ్గర నేర్చుకుని వచ్చినవాడు. ఓనోకి నాట్యం మీద మనసు పడింది 1929లో టోక్యోకి వచ్చిన స్పెయిన్ నర్తకి లా అర్హెంతీనాని చూసి. ఆ ఒక్క సాయంత్రం ఆయనలో దాదాపు యాభై ఏళ్లు ఊరి, 1977లో ఆమెను తలుచుకుంటూ చేసిన ఏకపాత్ర నాట్యమైంది. 1980లో ఫ్రాన్స్‌లోని నాన్సీ ఉత్సవంలో దాన్ని ఆడినప్పుడు ఆయనకు 73 ఏళ్లు. సాంకై జుకు యూరప్‌కి వెళ్లిందీ ఆ ఏడాదే. కాబట్టి దేశాలు దాటడం జపాన్ నాట్యానికి ఈ మధ్య తగిలించుకున్న అలంకారం కాదు, వేరులోనే ఉంది.

ఇక్కడ కవగుచి తకావో అనే నర్తకుడు చేసిన పని గురించి చెప్పుకోకపోతే తప్పు. ఓనోని ఎన్నడూ ప్రత్యక్షంగా చూడని ఈయన, పాత వీడియోల్లోంచి ఓనో నాట్యాన్ని కదలిక కదలికా కాపీ చేసి 2013లో ప్రదర్శించాడు. తర్వాత అది చాలా దేశాలు తిరిగింది. బుతో గురువులు చెప్పేది లోపలి నుంచి కదలమని. ఈయన బయటి నుంచి మొదలుపెట్టాడు: భుజం ఏ క్షణంలో ఎంత వంగింది, తడబడిన అడుగు ఎక్కడ పడింది. తడబాటుని కూడా తడబాటుగానే నేర్చుకున్నాడు. పరాయి సంప్రదాయం నేర్చుకునే వాళ్లకు ఇది పనికొచ్చే పద్ధతి. ఎదుటివారి భావం అర్థమైందని తొందరపడే కన్నా, మొదట చెయ్యి ఎక్కడుందో సరిగ్గా చూడటం నిజాయితీగల దారి. వీడియో చూసి నేర్చుకునేటప్పుడు ఎడమ కుడి అవుతుంది. కాబట్టి అద్దంలోలా తిప్పిన ప్రతి ఒకటి చేసుకుని, పావు వేగంలో, ఒక్కో అవయవానికి ఒక్కోసారి చొప్పున చూడాలి. ఒక నిమిషం నాట్యానికి ఒక పూట పట్టినా ఆశ్చర్యం లేదు.

నాలుగో రోజు: క్యోటో

షిన్-యొకోహామా నుంచి నొజొమి రైల్లో సుమారు రెండు గంటలు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే దానికి తగిన సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. అదనపు రుసుము లేదు, కానీ చేయకుండా ఎక్కితే 1,000 యెన్ కట్టాలి. కాస్ట్యూమ్ ట్రంకులతో వచ్చే బృందాలు దీనికి దొరికిపోతుంటాయి. అసలు సుఖం పెట్టెల్ని కొరియర్‌లో ముందు రోజే పంపేయడంలో ఉంది. మామూలుగా మర్నాటికి చేరిపోతాయి.

రైలు ఫుజి నది దాటాక కరెంటు కూడా మారుతుంది. జపాన్ అంతటా 100 వోల్టులే, కానీ తూర్పున 50 హెర్ట్జ్, పడమట 60. టోక్యోలో సరిచూసుకున్న తిరుగుడు బల్ల, దానిలోని మోటారు రకాన్ని బట్టి, క్యోటోలో 20 శాతం వేగంగా తిరగొచ్చు. సంగీతంతో లెక్క కట్టుకున్న వాళ్లు దీన్ని మళ్లీ చూసుకోవాలి. 230 వోల్టులకు తయారైన మన వేడి పరికరాలు మాత్రం ఇక్కడ గోరువెచ్చన దాటవు.

క్యోటో ఆర్ట్ సెంటర్ ఒకప్పటి మేరిన్ ప్రాథమిక పాఠశాల. 1931 నాటి భవనం, పిల్లలు తగ్గిపోయి 1993లో బడి మూతపడితే 2000లో కళా కేంద్రంగా తెరిచారు. ఎంపికైన కళాకారులు పాత తరగతి గదుల్ని గరిష్ఠంగా మూడు నెలలు రిహార్సల్‌కి వాడుకోవచ్చు. చెక్క మెట్లు, పొడుగాటి నడవాలు. చూడటానికి వచ్చిన వాళ్లు కూడా లోపల తిరగొచ్చు. పక్కవీధులన్నీ గియోన్ ఉత్సవపు రథాల పేటలు. ఊళ్లో ఇంకా 1992 నుంచి ఫ్రెంచి వారి విల్లా కుజొయామా, 2011 నుంచి జర్మన్ వారి విల్లా కమొగావా ఉన్నాయి. రెండూ తమ దేశపు కళాకారుల్ని నెలల తరబడి ఇక్కడ ఉంచుతాయి. శరదృతువులో అయితే 2010లో మొదలైన క్యోటో ఎక్స్‌పెరిమెంట్ ఉత్సవం కూడా దొరుకుతుంది.

జేసీడీఎన్ అనే డాన్స్ నెట్‌వర్క్ కూడా క్యోటోదే. 2011 సునామీ తర్వాత ఈ సంస్థ సమకాలీన డాన్సర్లను ఈశాన్య తీరపు ఊళ్లకు పంపింది, నేర్పడానికి కాదు, అక్కడి లేడి నాట్యాల్లాంటి జానపద కళల్ని ఆ ఊరి వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి. 2014లో మొదలైన సాన్రికు అంతర్జాతీయ కళోత్సవంలో ఆ ఊళ్ల కళలూ, ఆసియా దేశాల కళలూ ఒకే వేదికెక్కాయి. సాయం చేయడానికి వెళ్లినవాడు శిష్యుడిగా కూర్చోవడంలో గొప్ప మర్యాద ఉంది.

సాయంత్రం ఏదైనా పెద్ద గుడి ద్వారం దగ్గర ఆగితే ఇద్దరు ద్వారపాలకుల విగ్రహాలు కనిపిస్తాయి. ఒకరి నోరు తెరిచి ఉంటుంది, ఒకరిది మూసి. ‘అ’, ‘ఉన్’. సంస్కృతపు అకారం, హూంకారమే ప్రయాణం చేసి ఇలా మిగిలాయి. ఇద్దరు మనుషులు సైగ లేకుండా ఒకేసారి కదిలితే జపాన్ భాషలో ‘అ-ఉన్ ఊపిరి’ అంటారు. రిహార్సల్ గదిలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. అంకెలు లెక్కపెట్టకుండా పక్కవాడి ఊపిరి విని కదలడం జపాన్ డాన్సర్లకు అలవాటు. తాళం మీద పెరిగిన వాళ్లకు ఇది మొదట అయోమయంగా ఉంటుంది, ‘ఎన్నో అక్షరం మీద?’ అని అడుగుతారు. జవాబు ఉండదు. ఇద్దరూ వీపులు ఆనించి కూర్చుని, పది నిమిషాలు ఊపిరి మాత్రమే విని, ఆ తర్వాత లేవడం దీనికి సాధన.

అయిదో రోజు: కోబె, షిన్-నగతా

క్యోటో నుంచి జేఆర్ వేగపు రైల్లో సన్నొమియా సుమారు 50 నిమిషాలు, అక్కణ్నుంచి షిన్-నగతా ఇంకో పది. 1995 భూకంపపు మంటల్లో బూడిదైన పేట ఇది. సింథటిక్ బూట్ల కార్ఖానాలు ఇక్కడి బతుకుతెరువు. కొరియా, వియత్నాం కుటుంబాలు ఆ పనుల్లోనే స్థిరపడ్డాయి. తిరిగి కట్టిన షాపింగ్ భవనాల్లో ఒకదాని నాలుగో అంతస్తులో ఆర్ట్ థియేటర్ డీబీ కోబె ఉంది. నడిపేది డాన్స్ బాక్స్. 1996లో ఒసాకాలో పుట్టి, 2009లో ఈ పేటకొచ్చి స్థిరపడింది. చిన్న థియేటర్, చెమట కనిపించే దూరం.

ఆసియా డాన్సర్లతో కలిసే పని ఇక్కడ చాలాకాలంగా నడుస్తోంది. ఆసియా వాళ్లు కలిసినప్పుడు యూరప్‌తో రాని ప్రశ్న ఒకటి వస్తుంది: సంప్రదాయాన్ని ఏం చేద్దాం? టోక్యోలో కాపురముంటున్న ఇండోనేషియా నర్తకుడు రియంతో, మగవాళ్లు ఆడవేషంలో ఆడే లెంగెర్ నాట్యంలో పెరిగినవాడు. కూచిపూడి స్త్రీవేషం ఎరిగిన వాళ్లకు ఆయన నడక చూడగానే సగం తెలిసిపోతుంది. జపాన్ కొరియోగ్రాఫర్ కితమురా అకికో ఇండోనేషియాతో 2011 నుంచీ, తర్వాత కంబోడియా, మణిపూర్ కళాకారులతోనూ ఏళ్ల తరబడి పనిచేసింది. ఆమె పనిలో నేర్చుకోవాల్సింది ఈ ఓపికే. ఒక్క ఉత్సవం కోసం మూడు వారాల్లో చేసినదాంట్లో సంప్రదాయ కళాకారుడు పది నిమిషాలు తనది ఆడి, తర్వాత అందరూ కలిసి నేల మీద దొర్లడమే మిగులుతుంది. మూడేళ్లు తీసుకుంటేనే ఆ కళాకారుడు ఏది ఇవ్వగలడో, ఏది ఇవ్వకూడదని అతని గురువు చెప్పాడో తెలుస్తుంది. పూజలో భాగమైన అడుగుల్ని రిహార్సల్‌లో అడగకూడదు. ఏవి అలాంటివో మొదటి రోజే అడిగి రాసుకోవాలి.

మధ్యాహ్నం ఇక్కడి సొబమెషి, నూడుల్సూ అన్నమూ పెనం మీద కలిపి వేయించేది, తినాలి. శాకాహారులు ముందే చెప్పాలి. అసలు జపాన్‌లో కనిపించని చేప ఎక్కువ, పులుసుల్లో చాలావాటికి ఎండుచేప తురుముతో కాచిన ‘దషి’ ఆధారం. ‘మాంసం వద్దు’ అంటే చేప తీసెయ్యరు. రేపటి నుంచి సొంత వంట కాబట్టి ఇవాళే సన్నొమియా, కితానో వైపు వెళ్లి సరుకులు కొనుక్కోవడం తెలివైన పని. కోబెలో పాత భారతీయ కుటుంబాలున్నాయి, కందిపప్పు, పసుపు, ఆవాలు అమ్మే దుకాణాలున్నాయి. 1935 నాటి మసీదు చుట్టూ హలాల్ మాంసం దొరుకుతుంది. ఇండోనేషియా, మలేషియా డాన్సర్లున్న బృందానికి అది ముఖ్యం.

ఆరో రోజు: కినోసకికి

కోబె నుంచి హమకజె డీజిల్ ఎక్స్‌ప్రెస్ హిమెజి మీదుగా వెళ్తుంది, రోజుకు మూడే. అది తప్పితే ఒసాకా వెళ్లి కొనొతొరి పట్టుకోవాలి, రెండున్నర గంటల పైన. కొనొతొరి అంటే ఒక జాతి కొంగ. అంతరించిపోయిన ఆ పక్షుల్ని తొయోఓకా ప్రాంతంలో 2005లో మళ్లీ గాల్లోకి వదిలారు, కిటికీలోంచి పొలాల్లో కనిపించొచ్చు. ‘అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు’ అన్నది ఈ తీరపు సామెత. డిసెంబరులో వాన, సన్నటి మంచు, మళ్లీ వాన.

కినోసకి అంతర్జాతీయ కళా కేంద్రం 2014లో తెరిచారు. అంతకు ముందు ఇది పెద్ద సమావేశ భవనం, వాడకం తగ్గిపోతే తొయోఓకా పురపాలక సంఘం కళాకారులు ఉండి పనిచేసే చోటుగా మార్చింది. వెయ్యి సీట్ల దాకా పట్టే హాలు, ఆరు స్టూడియోలు, ఇరవై మందికి పైగా ఉండే గదులు, ఉమ్మడి వంటిల్లు. మూడు రోజుల నుంచి మూడు నెలల దాకా ఉండొచ్చు, ఇరవై నాలుగ్గంటలూ వాడుకోవచ్చు, ఎంపికైతే హాలుకీ గదులకీ అద్దె లేదు. బదులుగా ఊరివాళ్ల కోసం ఏదైనా చేయాలి: రిహార్సల్ చూపించడం, బడిలో పాఠం, మాటామంతీ. ప్రయాణం, భోజనం ఎవరివన్నది ఆ ఏటి ప్రకటనలో జాగ్రత్తగా చదువుకోవాలి.

చేరిన సాయంత్రం పని పెట్టుకోకూడదు. వంటిల్లు చూసుకోవాలి, షెల్ఫులు పంచుకోవాలి, ఎవరు ఏం తినరో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ వంతులవారీగా వండుకున్న బృందాల్లో మాటలు రాని ఇద్దరు ఉల్లిపాయలు తరుగుతూ స్నేహితులవుతారు, మర్నాడు ఒకరి బరువు ఒకరు నమ్మకంగా మోస్తారు.

ఏడో రోజు: నేల, కొలత, కుడి ఎడమలు

ఉదయం మొదట లినో. డాన్సు కోసం నేల మీద పరిచే ఈ వినైల్ చుట్టలు బరువు, ఒక్కోదానికి ఇద్దరు కావాలి. చలికి గట్టిపడి ఉంటాయి. గది వెచ్చబడ్డాక విప్పి, కనీసం రెండు మూడు గంటలు అలా వదిలేసి, ఆ తర్వాతే టేపు వేయాలి. తొందరపడి అంచుకి అంచు బిగించి అంటిస్తే, లైట్ల వేడికి సాగి మధ్యలో ఉబ్బుతుంది, పరుగెత్తే కాలు అక్కడే తట్టుకుంటుంది. షీటుకీ షీటుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి, మధ్య నుంచి చివరలకు టేపు లాగాలి. అంచుల్ని వట్టి పాదంతో తడిమి చూడాలి, చేతికి తెలియనిది పాదానికి తెలుస్తుంది.

తర్వాత కొలతలు. జపాన్ స్టేజీలో ఇప్పటికీ పాత కొలతలే నడుస్తాయి. ఒక షాకు 30.3 సెంటీమీటర్లు, ఆరు షాకులు ఒక కెన్, అంటే 181.8. ఎత్తు కోసం వేసే చెక్క వేదిక సాధారణంగా మూడు షాకులు × ఆరు షాకులు. యూరప్ వేదిక 1 మీటరు × 2 మీటర్లు. అక్కడ అయిదు వేదికలు పొడుగునా పేర్చి పది మీటర్లు నడిచిన డాన్సర్‌కి ఇక్కడ అదే అయిదు పేరిస్తే దాదాపు 90 సెంటీమీటర్లు తక్కువ, ఆఖరి అడుగుకి చోటు లేదు. ప్లాను పంపేటప్పుడు వేదికల సంఖ్య రాయొద్దు, పొడవు మిల్లీమీటర్లలో రాయాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఢీకొట్టుకునేది కుడి ఎడమల దగ్గర. జపాన్ వాళ్లు ప్రేక్షకుల వైపు నుంచి చూసి కుడిని ‘కమితె’, ఎడమను ‘షిమొతె’ అంటారు. ఫ్రెంచి వాళ్లూ ప్రేక్షకుల వైపు నుంచే, కుడి ‘కూర్’, ఎడమ ‘జార్దాఁ’. ఇంగ్లీషు పద్ధతిలో నటుడి వైపు నుంచి లెక్క, కాబట్టి కమితె వాళ్లకు ‘స్టేజ్ లెఫ్ట్’. ముగ్గురూ తమ మాటని ఇంగ్లీషులోకి మార్చి ‘రైట్’ అంటే రెండు దిక్కులకి పరుగెత్తుతారు. ‘కుడి’, ‘ఎడమ’ అన్న మాటల్నే గదిలోంచి తీసేసి, అందరూ కమితె, షిమొతె అనడం తేలిక. గోడల మీద పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తే రెండు రోజుల్లో నోటికి వస్తాయి.

అదే గోడ మీద ఇరవై ముప్ఫై ఉమ్మడి మాటలు చాలు. ‘మ’ అంటే రెండు కదలికల మధ్య ఖాళీ, అది ఆగిపోవడం కాదు, బిగువు ఉన్న విరామం. ‘కొషి’ అంటే నడుము దగ్గరి బరువు. ‘కయెషి’ అంటే ఆ ముక్క మళ్లీ చేద్దామని. ‘బమిరు’ అంటే టేపుతో గుర్తు పెట్టడం. అనువాదకుడు ఉన్నా ఇవి అవసరమే, ఎందుకంటే ఒకరు చెప్పాక మరొకరు అనువదిస్తే ఆరు గంటల రిహార్సల్‌లో మాటలకే సగం పోతుంది, మూడో భాష చేరితే ఇంకా ఎక్కువ. మాటలకు ఉదయం గంట, సాయంత్రం గంట కేటాయించి, మధ్యలో నోరు మూసుకుని చేసి చూపించే పద్ధతి బాగా పనిచేస్తుంది. ఇంకో చిక్కు మర్యాదది. ‘ఇది కుదురుతుందా?’ అంటే జపాన్ డాన్సర్ ‘కాస్త కష్టం’ అంటే, అది ‘కాదు’ అనే. దాన్ని ‘ప్రయత్నిస్తే వస్తుంది’ అని విన్న విదేశీ కొరియోగ్రాఫర్ మూడు రోజులు అదే పట్టుకు కూర్చుంటాడు. మోకాలి నొప్పి లాంటివి అందరి ముందూ అడగొద్దు. విరామంలో, ఒక్కరినే అడగాలి.

ఎనిమిదో రోజు: చూపించే సాయంత్రం

పొద్దున ‘బఅతరి’, అంటే లైట్లు, శబ్దం మారే చోట్లు మాత్రమే వరసగా చేసుకుంటూ పోవడం. ఇందులో పూర్తి బలంతో ఆడకూడదు, ఆగమన్నప్పుడు ఆగాలి. తర్వాత కాస్ట్యూమ్స్‌తో మొత్తం ‘గెనెపురొ’. ఆ మాట జర్మన్ నుంచి వచ్చింది. సాంకేతికులు తొమ్మిదింటికి మొదలు అంటే తొమ్మిదికి నిచ్చెన ఎక్కి ఉంటారు. డాన్సర్లు తొమ్మిదికి గుమ్మంలోకి రావడం ఆలస్యం కిందే లెక్క.

ఒంటికి తెల్లరంగు వేసుకునే బృందమైతే లినో మీద మరక గురించి కేంద్రాన్ని ముందే అడిగి, పక్కన నిలబడే చోట్ల గుడ్డ పరవాలి. ఆడాక ఊళ్లోని స్నానశాలకు ఆ రంగుతో వెళ్లకూడదు. కేంద్రంలోనే నూనెతో తుడిచి, కడుక్కుని వెళ్లాలి. ఊళ్లో ఏడు బహిరంగ వేడినీటి స్నానశాలలున్నాయి, ఒక్కోదానికి వారంలో ఒక సెలవు రోజు ఉంటుంది. వాటిలో కొనొ-యు గాయపడ్డ కొంగ నయం చేసుకున్న చోటని కథ. తొట్టెలో దిగే ముందు బయట కూర్చుని ఒళ్లంతా తోముకోవాలి. అప్పుడే బెణికిన చీలమండని మాత్రం ఈ వేడి నీళ్లలో పెట్టొద్దు, వాపు పెరుగుతుంది. ఆ రాత్రికి ఐసు కట్టాలి. రెండు మూడు రోజుల నాటి కండరాల నొప్పికి అయితే ఇంతకు మించిన మందు లేదు.

సాయంత్రం చూడటానికి వచ్చేది ఊరివాళ్లు: సత్రాల యజమానులు, బడిపిల్లలు, 2021లో తొయోఓకాలో మొదలైన కళలు, పర్యాటక వృత్తి విద్యాలయం విద్యార్థులు. పూర్తికాని పనిని వీళ్లు ఓపిగ్గా చూస్తారు, తర్వాత ప్రశ్నలడుగుతారు. ‘అంతసేపు ఎందుకు నిలబడ్డారు?’ అన్న ప్రశ్నకు నలుగురు డాన్సర్లు నాలుగు భాషల్లో నాలుగు జవాబులు చెబితే, నాట్యం ఎక్కడ ఇంకా కలవలేదో కొరియోగ్రాఫర్‌కి అక్కడే దొరుకుతుంది. ఆ జవాబుల్ని మాట పోకుండా రాసుకునే మనిషిని ముందే పెట్టుకోవాలి.

తొమ్మిదో రోజు: బరషి

విప్పేయడాన్ని ‘బరషి’ అంటారు. టేపులు ఊడదీసే ముందు నేల మీది ప్రతి గుర్తునీ కొలవాలి. స్టేజీ ముందు అంచు మధ్య బిందువు నుంచి ఎంత లోతు, ఎంత కమితె వైపు, ఎంత షిమొతె వైపు, మీటర్లలో. ప్లాను కాగితం మీద ప్రేక్షకులు ఏ వైపు ఉంటారో బాణం గీయాలి. వీడియోలు రెండు కావాలి. ఒకటి ముందు నుంచి, స్టేజీ మొత్తం కనబడేలా, కెమెరా కదపకుండా. రెండోది పైనుంచి, ఎవరు ఎక్కడున్నారో తెలిసేలా. ముఖాలు దగ్గరగా చూపే అందమైన వీడియో ప్రచారానికి పనికొస్తుంది, ఆరు నెలల తర్వాత జకార్తాలోనో పారిస్‌లోనో మళ్లీ నిలబెట్టడానికి పనికిరాదు. ఒక డాన్సర్ మారితే కొత్తవాళ్లకు నేర్పడానికి ఆధారం ఆ రెండు వీడియోలూ, ఆ ఒక్క కాగితమే. ఎవరి కదలికకు ఎవరి పేరు, వేరే బృందంతో ఎవరు వాడుకోవచ్చు అన్నది కూడా ఈ రోజే, అందరూ ఒకే బల్ల దగ్గరున్నప్పుడే రాసుకోవాలి. విమానాలెక్కాక అదే మాటకి నెలలు పడుతుంది.

లినో తుడిచి, ఆరాక, వంకర రాకుండా ఇద్దరు రెండు చివరలా పట్టి చుట్టాలి. తడిగా చుడితే బూజు పడుతుంది. షీట్ల వెనక వరస సంఖ్య రాస్తే తర్వాత పరిచే బృందానికి అతుకులు సరిపోతాయి. వంటింట్లో మిగిలిన బియ్యం, పప్పు, నూనె కేంద్రం వారిని అడిగి, తర్వాత వచ్చే బృందానికి పేరు రాసి వదలొచ్చు. చెత్తని కాలేవి, ప్లాస్టిక్, సీసాలు, డబ్బాలుగా వేరు చేసి కట్టాలి. ఇది ఆఖరి గంటకు వదిలేస్తే రైలు తప్పుతుంది. స్టేషన్ పక్కన కాళ్లు పెట్టుకునే వేడినీటి తొట్టె ఉంది. ఒసాకా వెళ్లే కొనొతొరి వచ్చేలోపు పది నిమిషాలు దొరికితే పాదాలకు అది చాలు.